చేతిలోంచి చేతిలోకి

మీ మనిషిని ఎవరికో ఒప్పజెప్పి, "ఒక్క నిమిషం చూస్తూ ఉండండి, ఇప్పుడే వచ్చేస్తాను" అని చివరిసారి మీరు వెళ్ళినప్పుడు, ఆ ఎవరో మొహం మీకు గుర్తుందా?

గుర్తుండదు. రైల్లో పిల్లవాణ్ణి, ఆసుపత్రి వరండాలో నాన్నని, బ్యాంకు క్యూలో అత్తగారిని పక్కనున్నవాళ్ళకి అప్పగించేసి వెళ్ళిపోతాం. పక్కన ఒక మనిషంటూ ఉంటే చాలు మనకి. ఆ మనిషి ఎవరు, అక్కడెందుకు కూర్చుంది, తనని తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తారా, ఇవేవీ అడగం. అలసిపోయిన మనిషికి అడిగే ఓపిక ఎక్కడిది?

సూది కూడా అడగలేదు.

సూది అసలు పేరు కాదు లెండి. పార్కులో ఆయా పెట్టిన పేరు. "మనిషీ అలాగే ఉంది, మాటా అలాగే ఉంది, చేసే పనీ అదే. ఇంకో పేరెందుకు?" అని నవ్వేది ఆయా. సూది బట్టలు కుట్టేది. కొత్తవి కాదు. ప్యాంట్లు పొట్టి చేయడం, నడుములు వదులు చేయడం, ఊడిన జిప్పులు మార్చడం. ఊళ్ళోవాళ్ళు లావెక్కుతుంటే, చిక్కిపోతుంటే ఆ తేడాలన్నీ తన మూడో అంతస్తు ముందుగదిలో కూర్చుని సర్దుతూ ఉండేది. వెనకగదిలో అమ్మ మంచం. రెండు గదుల మధ్య తలుపు తీసేయించి గోడకి ఆనించింది, చక్రాల కుర్చీ పట్టాలి కదా మరి.

అమ్మ ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పింది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా దాంతోపాటే పోయింది. మిగిలింది కుడిచెయ్యి. అన్నం తినేది ఆ చెయ్యే, దుప్పటి లాక్కునేది ఆ చెయ్యే, మాట్లాడేదీ ఆ చెయ్యే. కుర్చీ చేతి మీద వేళ్ళతో టక్ టక్ మని కొడితే నీళ్ళు. గోళ్ళతో గీకితే దురద. అరచేత్తో మెల్లగా నిమిరితే ఏమీ లేదు, ఊరికే, నువ్వున్నావా అని. మిషను నడుస్తున్నంతసేపూ దాని వేగానికి తగ్గట్టు వేళ్ళాడించేది. దారం తెగితే సూదికన్నా ముందు అమ్మకే తెలిసేది. టక్కున ఒక్క దెబ్బ వేసేది. క్లాసులో పరధ్యానంగా ఉన్న పిల్లని పిలిచినట్టు.

తమ్ముడున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు. అదే ఊళ్ళో ఆ చివర.

డాక్టరు "ఎండ తగలాలి, పచ్చదనం కనబడాలి" అని చెప్పి పంపించేశాడు. ఆయనకేం పోయింది, చెప్పేశాడు. కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ బాత్రూం గొట్టాలు తప్ప ఇంకేం కనబడవు ఆ ఇంట్లో. అందుకని రోజూ సాయంత్రం కుర్చీని లిఫ్టులో దింపి, పగిలిన పేవ్‌మెంటు మీద తోసుకుంటూ, ఆగని బళ్ళ మధ్య రోడ్డు దాటించి పార్కుకి తీసుకెళ్ళేది సూది. చేరేసరికి బ్లౌజు వీపుకి అంటుకుపోయేది. చెట్ల గాలి అమ్మకి ఎంత తగిలేదో గాని, సూదికి మాత్రం అక్కడ బెంచీ మీద కూలబడి కాళ్ళు చాపుకోవడమే పెద్ద వైద్యం.

పార్కు పెద్దదే. చుట్టూ హారన్లు మోగుతుంటే మధ్యలో దుమ్ముపట్టిన పచ్చదనం. ముందు గేటు దగ్గర మోటారు సైకిళ్ళు దూరకుండా ఇనుప కడ్డీలు పాతారు. చక్రాల కుర్చీలూ దూరవు. వాటికోసం పక్కగేటు ఒకటి ఉంది. దాని తాళంచెవి వాచ్‌మన్ మెడలో, ఈలతోపాటు వేలాడుతుంటుంది. మూసేవేళకి పక్కగేటే ముందు మూయాలి కాబట్టి, ఈల వేసుకుంటూ వచ్చి, కుర్చీలన్నిటినీ తనే గేటు దాకా తోసిపెట్టేవాడు. మంచివాడే. తొందర మనిషి.

చెరువు ఒడ్డున బాదం చెట్ల కింద పొడుగాటి సిమెంటు బెంచీ ఒకటి ఉండేది. పెద్దవాళ్ళని తీసుకొచ్చే ఆడవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. కుర్చీలన్నీ చెరువుకేసి తిప్పి వరసగా నిలబెట్టేవాళ్ళు. "మన బండ్ల స్టాండు" అనేది ఆయా. ఆమె ఒక రిటైరైన ఆఫీసరు గారిని చూసుకునేది. ఆ బెంచీకి ఒక నియమం పెట్టింది కూడా ఆయానే. ఒకసారి ఎవరి తాతగారో లేచి చెరువులోకి మోకాళ్ళ లోతు దిగిపోయాడట. అందరూ అక్కడే ఉన్నారు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళు చూస్తున్నారులే అనుకున్నారు. అప్పటినుంచీ నోటిమాట పనికిరాదంది ఆయా.

"మనుషుల్ని ఒప్పజెప్పేటప్పుడు చేతిలోంచి చేతిలోకే. నీ మనిషి చెయ్యి తీసుకెళ్ళి నా చేతిలో పెట్టు. తిరిగొచ్చాక నా చేతిలోంచి నువ్వే తీసుకో. ఈ మధ్యలో దేవుడొచ్చి అడిగినా నేను వదలను."

"దేవుడికి మన బెంచీ అడ్రసు తెలిస్తే కదా అక్కా" అనేది సూది.

అందరూ ఆ నియమం పాటించేవాళ్ళు. నీళ్ళ సీసా నింపుకురావాలన్నా, ఆ చివరనున్న బాత్రూముకి వెళ్ళాలన్నా, చెయ్యి చేతిలో పెట్టి వెళ్ళడమే.

బెంచీకి ఆ చివర, కొమ్మలు బాగా కిందికి వంగినచోట, ఒక పెద్దావిడ కూర్చునేది. బూడిదరంగు శాలువా. ఎవరితోనూ మాట్లాడేది కాదు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది, ఎవరో మాత్రలు తెచ్చి అరచేతిలో వేస్తారని చూస్తున్నట్టు. ఎవరో ఒకరి మనిషి అయ్యుంటుందిలే అనుకునేది సూది.

ఆ రోజు మబ్బు పట్టింది. పార్కులో జనం పలచగా ఉన్నారు. వ్యాయామం మిషన్ల దగ్గర ఎవరో ఊగి దిగిపోయినట్టున్నారు, ఇనుప ఊయల ఒక్కటే కిర్రు కిర్రుమంటోంది. ఆఫీసరు గారికి జ్వరమని ఆయా రాలేదు. బెంచీ మీద సూది, పక్కన కుర్చీలో అమ్మ, ఆ చివర పెద్దావిడ. అంతే.

ముందురోజంతా సూది ఏదో పెళ్ళివారి ప్యాంట్లకి అంచులు కుడుతూనే ఉంది. నడుం పట్టేసింది. కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. తమ్ముడికి ఫోన్ చేయాలి, ఈసారి తేల్చేయాలి అని పొద్దుటినుంచీ అనుకుంటోంది. అమ్మ ముందు మాత్రం ఆ మాటలు మాట్లాడలేదు. అమ్మకి మాట పోయింది గాని చెవులు పోలేదు కదా.

కుర్చీని బెంచీ చివరికి తోసింది.

"పెద్దమ్మా, కాస్త మా అమ్మ చెయ్యి పట్టుకుంటారా? ఇప్పుడే వచ్చేస్తాను."

పెద్దావిడ చెరువుకేసే చూస్తోంది. "నువ్వే వచ్చి తీసుకుంటావా?"

"నేనే. మాకింకెవరున్నారు?"

అమ్మ చెయ్యి తీసి ఆ తెరిచి ఉన్న అరచేతిలో పెట్టింది. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. పెద్దావిడ ఇంకేదో గొణిగింది. "మావాడూ అలాగే అన్నాడు" అన్నట్టు, వినబడీ వినబడనట్టుగా... కానీ సూది అప్పటికే తమ్ముడికి ఫోన్ కలిపేసింది, అటు మోగుతోంది. సూది వినిపించుకోలేదు.

"ఒరేయ్, ఒక్క వారం. అమ్మని ఒక్క వారం నీ దగ్గర ఉంచుకో. నేను పడుకుంటాను. ఎక్కడికీ వెళ్ళను, ఏమీ చెయ్యను. ఊరికే పడుకుంటాను."

"అక్కా, మా దగ్గర లిఫ్టు లేదు కదా."

"మోసుకెళ్ళు."

"నా నడుం సంగతి నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? ఏటా నీ ప్యాంట్లు వదులు చేసేది నేనే కదరా."

"నీతో ఇదే గొడవక్కా, అన్నిటికీ వెటకారం. సరే, వస్తాలే. వచ్చి మాట్లాడతాను."

"ఎప్పుడు?"

"వస్తానన్నాను కదా! ఇప్పుడు పనిలో ఉన్నాను."

ఫోన్ పెట్టేశాడు. తల ఎత్తి చూస్తే సూది పార్కు వెనకగేటు దగ్గర ఉంది. నడుస్తూ నడుస్తూ అంతదూరం వచ్చేసినట్టు కూడా తెలియలేదు. గేటు తీసి ఉంది. దాటింది. ఎందుకు దాటిందని అడక్కండి. చేతులకి కుర్చీ బరువు లేదు. భుజాలు తేలిగ్గా ఉన్నాయి. షాపుల ముందు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఎన్నాళ్ళయిందో ఒంటరిగా, ఏదీ తోయకుండా నడిచి.

ఒక బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. "ఎక్కుతారా?" అన్నాడు డ్రైవరు. సూది ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టింది.

ఎక్కడికెళ్తుంది ఆ బస్సు? చూడలేదు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. అది చూసింది. అక్కడ కూర్చుని, తల అద్దానికి ఆనించి, బస్సు ఎక్కడ ఆగితే అక్కడిదాకా నిద్రపోవచ్చు. అంతే అనిపించింది. ఇంకేం అనిపించలేదు... అమ్మ కూడా గుర్తు రాలేదు. ఆ మాట తర్వాత తనకి తాను చెప్పుకోవడానికి చాలా కష్టపడింది పాపం.

డ్రైవరు ఇండికేటరు వేశాడు. టక్... టక్... టక్... టక్.

కుర్చీ చేతి మీద వేళ్ళు. నీళ్ళు.

సూది కాలు తీసేసింది. అప్పుడే పార్కులో ఈల మోగింది.

పరిగెత్తింది. దార్లో దీపాలింకా వేయలేదు. పొదలన్నీ ఒకే నల్లటి ముద్దగా అయిపోయాయి. ఎక్కడో ఆకులు తగలబెట్టిన పొగ వాసన. చెరువు దగ్గరికి వచ్చి చూస్తే బెంచీ ఖాళీ. కుర్చీ లేదు. పెద్దావిడ లేదు. ఆమె కూర్చునే చోట బాదం ఆకులు ఒక కుప్పగా పడి ఉన్నాయి. చెయ్యి వేసి చూసింది. తడి. వాన పడలేదు... చుట్టూ నేలంతా పొడిగానే ఉంది.

"అమ్మా! ఇటు! ఇటు!" పక్కగేటు దగ్గరనుంచి వాచ్‌మన్ అరిచాడు. కుర్చీ అతని దగ్గరే ఉంది. కుర్చీలో అమ్మ.

"ఏం తల్లీ, మీ అమ్మని ఒక్కదాన్నే వదిలేసి ఎక్కడికి పోయావు?"

"ఒక్కదాన్ని కాదు, ఆ చివర కూర్చునే పెద్దమ్మకి అప్పగించి వెళ్ళాను."

"ఏ పెద్దమ్మ?"

"బూడిదరంగు శాలువా. రోజూ ఉంటుందిగా."

"అక్కడెవరూ లేరమ్మా." అతను తాళం తీస్తూ గొణిగాడు. "కుర్చీ మాత్రం కదిలి చావలేదు. బ్రేకు వేసి ఉందేమోనని చూశాను, లేదు. గట్టిగా ఒక్క గుంజు గుంజితే గాని రాలేదు. చక్రాలకి నూనె వేయించు."

సూదికి సిగ్గేసింది. ఫుట్‌బోర్డు మీద పెట్టిన కాలు ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ఇంకొక్క మాట మాట్లాడకుండా కుర్చీ తోసుకుంటూ బయటపడింది. ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. సీసా ఉంది. సంచీ ఉంది. ఏమిటో మరి.

సగం దూరం వచ్చాక చూసింది. అమ్మ కుడిచెయ్యి ఒళ్ళో లేదు. కుర్చీ పక్కకి చాచి ఉంది. మణికట్టు కొద్దిగా వంగి, వేళ్ళు ముడుచుకుని. పక్కన నడిచేవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు.

"చెయ్యి లోపల పెట్టుకో అమ్మా, బళ్ళు తగుల్తాయి."

పెట్టుకోలేదు. సూదే తీసి ఒళ్ళో పెట్టింది. నాలుగడుగులు వేసేలోగా మళ్ళీ పక్కకి వెళ్ళింది.

పేవ్‌మెంటు మీద ఎదురొస్తున్న ఒకాయన కుర్చీకి దారి ఇచ్చాడు. కుర్చీకే కాదు... దానికి కుడిపక్క ఇంకొక మనిషి పట్టేంత దారి. ఆయన వెనకున్న అమ్మాయి కూడా అంతే, ఫోన్ చూసుకుంటూనే పక్కకి జరిగింది. ఒక సైకిలతను ఆ ఖాళీ వైపు చూసి బెల్లు కొట్టాడు.

సూది ఆగకుండా నడిచింది.

ఆ మేడ లిఫ్టు చిన్నది. కుర్చీ, దాన్ని తోసే మనిషి పడితే ఇంక చోటుండదు. ఆ రోజు తలుపులు మూసుకోలేదు. గంట మోగుతూనే ఉంది, బరువెక్కువైనప్పుడు మోగే గంట. సూది మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. సంచీ బయట పెట్టింది. మోగుతూనే ఉంది. సంచీ తీసుకుందామని ఒక్క అడుగు బయటికి వేసింది.

గంట ఆగింది. తలుపులు మూసుకున్నాయి.

మెట్లెక్కి పరిగెత్తింది సూది. ఊపిరాడక, మోకాళ్ళు చేతులతో పట్టుకుని మూడో అంతస్తు చేరింది. లిఫ్టు తెరుచుకుని ఉంది. ఖాళీగా ఉంది. నడవా చివర, తన ఇంటి తలుపు ముందు, కుర్చీ నిలబడి ఉంది. తలుపుకేసి తిప్పి ఉంది. బ్రేకు వేసి ఉంది.

అమ్మ ఒక్క చేత్తో ఆ కుర్చీ తోసుకోలేదు. ఎన్నడూ తోసుకోలేదు.

నడవా అంతా తడిసి కుళ్ళిన బాదం ఆకుల వాసన.

ఆ రాత్రి అమ్మకి సూదే తినిపించింది. కుడిచెయ్యి రాలేదు. మంచం పక్కకి చాచే ఉంది. దుప్పటి కప్పితే దుప్పటి కింద నుంచి బయటికి వచ్చేది. ముట్టుకుంటే చల్లగా, గడ్డ కట్టినట్టుంది. చేతి వెనక తెల్లగా నాలుగు అచ్చులు. గట్టిగా పట్టుకున్న వేళ్ళవి.

మిషను దగ్గర కూర్చుంది. ఏదో ఒకటి కుడుతుంటే అమ్మ తాళం వేస్తుందేమోనని. పెడల్ తొక్కింది. వెనకగదిలో చప్పుడు లేదు. కావాలనే దారం తెంపింది. ఆగి విన్నది.

చప్పుడు లేదు.

తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగిపోయిన పిల్లని "ఊఁ, తర్వాత?" అన్నట్టుండే ఆ ఒక్క దెబ్బ. అది లేకపోతే అమ్మ ఎక్కడున్నట్టు? సూది వెనక్కి తిరిగి చూసింది. అమ్మ మంచం మధ్యలో లేదు. కుడి అంచుకి కొంచెం జరిగి ఉంది. మధ్యకి లాగి సర్దింది. నీళ్ళు తాగి వచ్చి చూస్తే మళ్ళీ అంచుకి వచ్చింది. ఇంకాస్త ఎక్కువ.

"అమ్మా... వదిలెయ్."

అమ్మ కళ్ళు మంచం పక్క ఖాళీని చూశాయి. తర్వాత సూదిని చూశాయి. కంటి చివరినుంచి నీళ్ళు జారాయి. నేను పట్టుకోలేదే, అన్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది సూదికి, తను మరిచిపోయిందేమిటో. చెయ్యి పెట్టింది. తిరిగి తీసుకోలేదు. తీసుకోకుండానే వచ్చేసింది.

తెల్లారేదాకా మంచానికి ఎడమపక్క కూర్చుని, అమ్మ చచ్చుబడిన ఎడమచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. కునుకు పట్టినప్పుడల్లా ఆ చెయ్యి తన చేతుల్లోంచి మెల్లగా జారేది. ఉలిక్కిపడి మళ్ళీ లాక్కునేది. ఇటొకరు. అటొకరు.

పొద్దున్నే ఆయాకి ఫోన్ చేసింది.

"నీకేం మతిపోయిందే? చేతిలోంచి తీసుకోకుండా ఎలా వచ్చేశావు?"

"వాచ్‌మన్ తోసుకొచ్చేశాడక్కా." అసలు సంగతి అడిగింది. "ఆ చివర కూర్చునే పెద్దావిడ ఎవరి మనిషి?"

అటునుంచి ఆఫీసరు గారి దగ్గు వినబడింది.

"నీ మనిషి అనుకున్నానే నేను" అంది ఆయా. "మీకేదో వరస అవుతుంది కామోసు అనుకున్నా... ఇన్నాళ్ళూ." గొంతు తగ్గించింది. "నువ్వే తీసుకుంటానన్నావా?"

"అన్నాను."

"అయితే వెళ్ళి నువ్వే తీసుకో. చీకటి పడనివ్వకు."

చీకటి పడనివ్వకూడదనే బయలుదేరింది. కానీ అమ్మని కుర్చీలోకి ఎక్కించడానికే మధ్యాహ్నమంతా పోయింది. కూర్చోబెడితే కుడిపక్కకి ఒరిగిపోతోంది. చివరికి సూది తన కొలతల టేపుతో నడుముకి కట్టింది. పార్కు చేరేసరికి చెరువు మీద వెలుగు పలచబడుతోంది. వాచ్‌మన్ ఆ చివర ఎక్కడో ఈల సర్దుకుంటున్నాడు.

పెద్దావిడ ఉంది. బూడిదరంగు శాలువా. ఒళ్ళో చెయ్యి... కానీ ఈసారి వెల్లకిలా లేదు. మూసి ఉంది.

"పెద్దమ్మా, వచ్చాను. మా అమ్మ చెయ్యి ఇచ్చెయ్యండి."

"ఆలస్యమైంది."

"అయింది. తప్పు నాదే."

"బస్సెక్కబోయావు."

"దిగాను కదా."

"దిగావు." పెద్దావిడ మొట్టమొదటిసారి మొహం తిప్పింది. అందులో భయపడాల్సిందేమీ లేదు. కళ్ళున్నాయి, ముక్కుంది, నోరుంది. కానీ కళ్ళు చూస్తుంటే ముక్కు మరిచిపోతోంది, నోరు చూస్తుంటే కళ్ళు మరిచిపోతోంది సూది. చూస్తూ ఉండగానే మరుపొచ్చే మొహం. "మావాడు దిగలేదు."

"ఎవరు?"

"ఇక్కడే కూర్చోమన్నాడు. ఇప్పుడే వస్తానన్నాడు. పక్కనెవరో ఉంటే, కాస్త చూస్తూ ఉండండి అన్నాడు వాళ్ళతో. వాళ్ళూ చూశారు... చూసి, పొద్దుపోయాక వెళ్ళిపోయారు."

గాలి లేదు. బాదం ఆకు ఒకటి రాలి అమ్మ ఒళ్ళో పడింది.

"పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంటే..." అంది పెద్దావిడ, ఇంకా మెల్లగా. "వెచ్చగా ఉంది మీ అమ్మది. చల్లారిపోతోందనుకో."

సూదికి భయం పోయి కోపం వచ్చింది. అలిసిపోయినవాళ్ళకి వచ్చే కోపం, ఏడుపులాంటిది. "మా అమ్మకి మిగిలింది ఆ ఒక్క చెయ్యే. దాంతోనే నన్ను పిలుస్తుంది. అది వదిలెయ్. నీకు చెయ్యే కదా కావాలి? ఇదిగో, నాది పట్టుకో. ఇంత బరువు మోస్తున్నాను, నిన్నొక్కదాన్ని మోయలేనా?"

ఎడమచెయ్యి చాపింది.

"ఇస్తే మళ్ళీ నువ్వు తీసుకోలేవు" అంది పెద్దావిడ. "నీకోసం ఒకళ్ళు రావాలి. వచ్చి, నా చేతిలోంచి తీసుకోవాలి. అదే కదా మీ పద్ధతి... వినేదాన్ని. నీకోసం ఎవరొస్తారు?"

"మా తమ్ముడు."

"ఎప్పుడు?"

"వస్తానన్నాడు."

పెద్దావిడ నవ్వలేదు. వెక్కిరించలేదు. బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి, తన పక్కన చోటిచ్చింది.

మూసిన చెయ్యి తెరుచుకుని సూది చెయ్యి అందుకుంది. సూది అరచేతిలోకి మంచినీళ్ళ బావిలోంచి వచ్చినంత చల్లదనం పాకింది. మణికట్టు దాకా వచ్చి ఆగింది. అదే క్షణంలో అమ్మ కుడిచెయ్యి టప్పున కుర్చీ చేతి మీద పడింది. కాసేపు కదల్లేదు. తర్వాత వేళ్ళు కదిలాయి.

టక్... టక్.

సూది ఏడుస్తూనే సీసా మూత పళ్ళతో తీసి నీళ్ళు పట్టింది. రెండో చెయ్యి ఖాళీ లేదు మరి.

ఇది జరిగి చాలాకాలమైంది. అమ్మ బాగానే ఉంది. సూది ఇంకా ఆ మూడో అంతస్తులోనే కుడుతోంది, ఒంటిచేత్తో. బట్ట జారకుండా అటుపక్క అమ్మ తన కుడిచేత్తో పట్టుకుంటుంది. జిప్పులకి ఇదివరకటికన్నా ఆలస్యమవుతోందని జనం విసుక్కుంటారు. సూది ఎడమచెయ్యి ఒంటికి కాస్త ఎడంగా, వేళ్ళు ముడుచుకుని ఉంటుంది. దుప్పటి కప్పినా నిలవదు. లిఫ్టు ఎక్కదు, అమ్మ కుర్చీని లోపలికి తోసి తను మెట్లమీద వెళ్తుంది. పైకి చేరేసరికి కుర్చీ తలుపు దగ్గర ఉంటుంది.

తమ్ముడికి అంతా చెప్పింది. నీ చేత్తో వచ్చి నా చెయ్యి తీసుకుంటే చాలురా అంది. "నువ్వు నిద్రపోక ఇవన్నీ ఊహించుకుంటున్నావక్కా" అన్నాడు వాడు. "సరే, వస్తానన్నాను కదా. ఇప్పుడే బయలుదేరుతున్నా."

ఆయా తను పట్టుకుంటానని వచ్చింది. చెయ్యి చాపింది. ఎంత లాగినా రాలేదు. ఆమె సూది కోసం వచ్చిన మనిషే గాని, సూది "వస్తాడు" అని చెప్పిన మనిషి కాదు కదా. ఇప్పుడు సాయంత్రాలు సూది బెంచీ ఆ చివరే కూర్చుంటుంది. మసక పడుతుంటే దూరంనుంచి సూది మొహం ఆనడం లేదంటోంది ఆయా. దగ్గరికొచ్చి చూసినా ఒక్కోసారి పోల్చుకోవడానికి కాసేపు పడుతోందట.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరు "వస్తానన్నాను కదా" అని ఫోన్ పెట్టేశారో, ఎవరి అక్క, ఎవరి వదిన, ఎవరి అమ్మ ఎక్కడో ఒక కుర్చీ తోస్తూ మీ మాట పట్టుకుని కూర్చుందో, మీకు తెలుసు. ఆదివారం దాకా ఆగకండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఇవాళే, వెలుగుండగానే వెళ్ళండి. "ఇలా ఇవ్వు, ఇక నేను పట్టుకుంటాను" అని గట్టిగా చెప్పి చెయ్యి చాపండి.

చీకటి పడ్డాక చేరితే మాత్రం తొందరపడకండి. ఆ బెంచీ చివర మీ ముందుకి రెండు చేతులు వస్తాయి. వెచ్చగా ఉన్నదాన్నే పట్టుకోండి.